కారం లేని గోంగూర

మా ముగ్గురికీ హాస్టల్లో ఊళ్ల పేర్లే పేర్లు. నేను వినుకొండ, ఒకతె గుంటూరు, ఇంకొకతె సింగరాయకొండ. హాస్టల్ వదిలి ముప్ఫై ఏళ్లు దాటినా ఫోనెత్తితే "ఒసే వినుకొండా" అనే వినబడుతుంది. వాళ్లిద్దరూ ఇప్పుడు ఇంగ్లండులో ఉంటారు. పోయినేడు సింగరాయకొండకు పెద్ద జబ్బు చేసింది. మందులతో జబ్బు తగ్గింది గానీ నోరంతా పుళ్లు పడి నాలుకకు రుచి పోయింది. తిరిగి వస్తుందో రాదో డాక్టర్లు కూడా చెప్పలేదు. "నోట్లో పుళ్లు మానినయ్. నువ్వొచ్చి గోంగూర పచ్చడి నూరి పెట్టవే, ఏమన్నా తెలుసుద్దేమో చూద్దాం" అంది. సెలవు పెట్టి వెళ్లాను.

మర్నాడు పొద్దున్నే నేనూ గుంటూరూ మనవాళ్ల సరుకులు దొరికే కొట్టుకి వెళ్లాం. లోపల అడుగుపెట్టగానే నాకు బుర్ర తిరిగింది. గోంగూర గడ్డకట్టి, పాకెట్లో ఇటుక లాగా ఉంది. ఎర్ర గోంగూరో తెల్ల గోంగూరో కాడ చూసి చెబుదామంటే కాడే లేదు. ఎండుమిరపకాయల పాకెట్ మీద మా జిల్లా పేరే అచ్చేసి ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మిరపకాయల మధ్య తిరిగినదాన్ని, అవి మావో కావో తేల్చుకోలేక నిలబడిపోయాను.

గుంటూరు వాళ్ల నాన్నగారు మిర్చి వ్యాపారి. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? పాకెట్ మూల చింపి, ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించింది, విరిచింది, వాసన చూసి నాలుగు తుమ్ములు తుమ్మింది. కొట్టాయన కళ్లప్పగించి చూస్తున్నాడు.

"మనయ్యే! నిప్పులు!" అంది ముక్కు తుడుచుకుంటూ.

చింపాక కొనక చస్తామా, బుట్టలో వేశాం. అప్పుడు పట్టుకుంది నాకు భయం. పుళ్లు మానాయంటుంది గానీ, నిజంగా మానాయా? జ్వరం దాచిపెట్టి పరీక్ష రాసిన మనిషి అది. గుంటూరుకీ అదే అనుమానం. పక్కనున్న ముడతల కాయల పాకెట్ తీసి, "ఇయ్యి రంగుకే. కారం ఉండదు. ఇయ్యేద్దాం, దానికేం తెలుసుద్ది?" అంది. తలూపాను. చేస్తున్నది జాగ్రత్తో మోసమో నాకు దారంతా తేలలేదు.

ఆ కాయలు వేయిస్తుంటే దగ్గు తెప్పించే కోరు రాలేదు. ముక్కుకి ఏదో వెలితి. ఆకు మగ్గించి, ఉప్పూ వెల్లుల్లీ వేసి, సింగరాయకొండ ఇంట్లో ఉన్న చిన్న రాతి రోట్లో నూరాను. పచ్చడి తీశాక రోట్లో వేడన్నం వేసి, అంటుకున్నదంతా కలిపి ముద్దలు పెట్టడం మా ఇళ్లలో అలవాటు. రోలు ముందుగదిలోకి తెచ్చి, మొదటి ముద్ద సింగరాయకొండ చేతిలో పెట్టాను.

నమిలింది. కళ్లు మూసుకుని ఆగింది.

ఈలోగా గుంటూరు తన ముద్ద మింగి, "అబ్బబ్బ, చెవుల్లోంచి పొగలొస్తన్నయ్యే!" అంటూ నోటి దగ్గర చెయ్యి విసురుకోవడం మొదలెట్టింది. నేనూ బుద్ధి లేనిదాన్లా గ్లాసుడు నీళ్లు తాగాను.

సింగరాయకొండ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీకు అంత మండతందా?"

"మండకేం!" అంది గుంటూరు.

"నాకేం తెలవట్లేదే." గొంతులో ఏడుపు కూడా లేదు. "ఉప్పు పోయింది, పులుపు పోయింది, పోనీలే అనుకున్నా. కారం కూడా పోయిందంటే ఇంక రాదే. ఇంతే ఇక నా బతుకు."

నేను గుంటూరు వైపు చూశాను. అది ఖాళీ గ్లాసు వైపు చూస్తోంది. చెబితే తిడుతుంది, చెప్పకపోతే ఇలాగే కూర్చుంటుంది. ఏది ముందో తేల్చుకునేలోపే నోరు జారింది.

"ఒసే, అందులో కారం లేదే. నేనే వెయ్యలా."

నమ్మలేదు. "ఓదార్చడానికి అబద్ధాలాడబాకే. దానికి చెవుల్లోంచి పొగలొచ్చినయ్‌గా."

"నేను యాక్షన్ చేశానే తల్లీ" అంది గుంటూరు, తల దించుకుని.

అయినా నమ్మలేదు. మొహం గోడకి తిప్పుకుంది. నాకు ఒళ్లు మండింది, నా మీద నాకే. వంటింట్లోకి పోయి చింపిన పాకెట్ తీసి, ఎనిమిది కాయలు నూనెలో పడేశాను. క్షణంలో కోరు లేచింది. నేను దగ్గాను, నా వెనకే వచ్చిన గుంటూరు దగ్గింది. ఆ తర్వాత ముందుగదిలోంచి ఇంకో దగ్గు వినబడింది.

పచ్చడి మళ్లీ నూరాను. ఈసారి ముద్ద చిన్నదే కలిపాను. వెయ్యి రకాల భయాలు. సింగరాయకొండ నోట్లో పెట్టుకుంది. ఒకసారి నమిలింది, రెండోసారి నమిలింది. చెవులు ఎర్రబడ్డాయి. ముక్కు కారింది. కళ్ల నీళ్లు బుగ్గల మీదికి జారాయి. ఏడుస్తోందో, కారానికో నాకు అర్థం కాలేదు. పుళ్లే తిరగబెట్టాయేమోనని గబగబా మజ్జిగ గ్లాసు అందించాను.

ఆ గ్లాసు పక్కకి తోసేసింది.

"ఆగవే వినుకొండా. కాసేపు మండనీ."