మొగులప్ప గారి హోల్డాన్

మొగులప్ప గారికి ఈ లోకమంతా ఒక బస్సు, అందులో తానొక్కరే కండక్టరు. తాండూరు బస్సు డిపోలో కండక్టరుగా రిటైరై ఆరేళ్లయినా ఆగమనడానికి ‘హోల్డాన్’, కదలమనడానికి ‘రైట్ రైట్’ తప్ప ఆయన నోట వేరే మాట రాదు.

మా పక్కిల్లే కాబట్టి అన్నీ వినపడతాయి. భార్య దేవమ్మ అన్నం వడ్డిస్తుంటే చాలని చెప్పడానికి హోల్డాన్. పప్పు ఇంకాస్త కావాలంటే రైట్ రైట్. "ఈయన బస్సు తోలిన డ్రైవర్ మంచిగనే ఉన్నడట. నాకే పరేషాన్" అని దేవమ్మ నాతో మొరపెట్టుకునేది.

కూతురి పెళ్లిలో అయితే మరీ ఘోరం. పెళ్లికొడుకు తాళి కట్టబోతుండగా "హోల్డాన్!" అని అరిచారు. పెళ్లికొడుకు చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పంతులు సగం మంత్రం మింగేశాడు.

"ఏమైందయ్యా?"

"కిష్టప్ప బావ ఇంకా చెప్పులిడుస్తున్నడు. అందరు ఎక్కకుండ బండి ఎట్ల కదుల్తది?"

కిష్టప్ప తీరిగ్గా వచ్చి కూర్చున్నాకే రైట్ రైట్ అన్నారు.

అలాంటి మనిషిని మా బడికి వక్తగా పిలుస్తామని నేను కలలో కూడా అనుకోలేదు. పిల్లల భద్రత గురించి మాట్లాడడానికి వికారాబాద్ నుంచి రావాల్సిన ఆయనకు ఆ రోజు జ్వరం. అంతకుముందు నెల వచ్చినాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ గంటసేపు ‘వ్యక్తిగత భద్రత’ అన్నాక, పిల్లలు గట్టిగా చప్పట్లు కొట్టి, "వ్యక్తిగత భద్రత అంటే ఏంది మేడం?" అని నన్నే అడిగారు. ఇంతకంటే చెడేదేముందిలే అని హెడ్మాస్టరు కుమారస్వామి గారు మొగులప్ప గారిని పిలిపించారు.

"బిడ్డా, ఎవలన్న నీకు నచ్చనట్టు ముట్టుకుంటే వద్దనాలని అందరు చెప్తరు. పెద్దోళ్లను వద్దనడానికి మనకు నోరొస్తదా? ఎదురు మాట్లాడినవంటరు. గందుకే హోల్డాన్ అనాలె. గా మాటకు ఎంత పెద్ద బస్సయినా ఆగుతది. నీ ఒంటికి నువ్వే కండక్టర్‌వు. ఆపినంక డిపోల చెప్పాలె. డిపో అంటే అమ్మ, మేడం, నీకు నమ్మకమున్నోళ్లు. ఏదీ, అందరనున్రి!"

"హోల్డాన్!" ప్రహరీ మీది కాకులు లేచిపోయాయి.

"ఒక్క గొంతు తక్కువైంది. మళ్ల!"

మళ్లీ అరిచారు. మళ్లీ తక్కువైందన్నారు. పన్నెండోసారికి పిల్లల గొంతులు బొంగురుపోయాయి, భోజనం గంట కూడా మోగింది. కుమారస్వామి గారు గడియారం చూపించబోతే, "హోల్డాన్ సార్!" అని ఆయన్నే ఆపారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ చాదస్తాన్ని ఏరికోరి తెచ్చుకున్నాం కదా అని తల పట్టుకున్నాను.

"ఈసారి జర మెల్లగనున్రి. చెవుల చెప్పినట్టు."

వందమంది గుసగుసగా హోల్డాన్ అన్నారు. మొగులప్ప గారి ముఖం వెలిగిపోయింది. "ఆఁ, ఇప్పుడు అందరు ఎక్కిన్రు. రైట్ రైట్!"

గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచారు. "మేడం, ఆఖరి లైన్ల రెండు జడల పిల్ల. అందరు ఒర్రుతుంటే గామె పెదవి గూడ కదపలే. మెల్లగ అనమంటే అన్నది, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గా బిడ్డను బస్ స్టేజీల ఇడిచిపెట్టి నేనెట్ల పోత? జర మాట్లాడున్రి."

ఆ పిల్ల సహస్ర. రోజూ నేను హాజరు పిలిచే క్లాసే. నా కంట పడనిది ఆయన కంట పడింది. సిగ్గేసింది.

అడిగితే గుసగుసగా చెప్పింది. "ఆటో ఆయన దినాం నన్నే పక్కకు కూసోబెట్టుకుంటడు మేడం. భుజం మీద చెయ్యేస్తడు. పెద్దోడు గదా, ఏమనాలె?"

ఆ సాయంత్రమే వాళ్లమ్మ, నేను, కుమారస్వామి గారు ఠాణాకు వెళ్లాం. మర్నాటి నుంచి ఆ ఆటో మా బడి ఛాయలకు రాలేదు. సహస్ర బస్సులో వస్తోంది.

మరుసటి నెల మొగులప్ప గారిని మేమే పిలిచాం. మళ్లీ అదే వరస. భోజనం గంట మోగినా ఆయన మైకు వదల్లేదు. ఇంతలో ఆఖరి వరస నుంచి ఖంగుమని ఒక గొంతు.

"హోల్డాన్!"

రెండు జడలు ఊపుకుంటూ సహస్ర లేచి నిలబడింది. "తాతా, అన్నం సల్లగైతుంది!"

ఇంకొకరి హోల్డాన్‌కు మొగులప్ప గారు ఆగడం నేను చూడ్డం అదే మొదటిసారి. మైకు పక్కన పెట్టి, పళ్లెం పట్టుకుని పిల్లల వెనక అన్నం వరసలో నిలబడ్డారు. పళ్లెంలో పప్పు పడుతున్నప్పుడు మాత్రం "రైట్ రైట్" అన్నారు.