బురుజు మీద ఒక ఇటుక చోటు

ఆండిపట్టి పక్కన పాత పాళెగాళ్ల కోటలో ఇప్పుడుండేది పొన్నుసామి నాయకర్ ఇంటివాళ్లే. రోజూ పొద్దున్నే ఆయన పంచె ఎగ్గట్టి, ఏనుగు దూరేంత వాకిలి తలుపును భుజంతో నెట్టి తెరుస్తాడు. సున్నపు స్తంభాలను ఎద్దుల వీపు నిమిరినట్టు నిమురుతూ నడిచి, తూర్పు బురుజు దగ్గర తలెత్తి చూస్తాడు. ప్రతి తరమూ ముందువాళ్లు వదిలిన సందు పూడ్చి, దానిమీద ఒక వరుస లేపి, అందులో మళ్లీ ఒక ఇటుక చోటు వదలాలి. కోట పూర్తయితే వంశమూ అక్కడితో ఆగుతుందని వాళ్ల భయం.

మొన్న వానకు పెచ్చులూడితే బాగుచేయడానికొచ్చిన కొత్త మేస్త్రి వినోత్, నాయకర్ వదిలిన సందును కూడా నున్నగా మూసేశాడు.

"ఎట్లుండాది అయ్యా?" అన్నాడు మురిసిపోతూ.

నాయకర్ ముఖం పాలిపోయింది. లోపల కాన్పుకొచ్చిన కూతురు షణ్ముగప్రియకు నెలలు నిండాయి. అయినా గొంతు పెంచలేదు.

"బాగుండాది తంబీ. ముందు కాఫీ తాగు."

అతను గ్లాసు అందుకోగానే తనే నిచ్చెనెక్కి, సున్నం తడి ఆరని ఇటుకను రెండు చేతులా ఊడదీశాడు.

"తప్పు చేస్తినా అయ్యా?"

"లేదు తంబీ," అన్నాడు నాయకర్, ఇటుకను తువ్వాలుతో తుడుస్తూ. "వచ్చే బిడ్డకి కొంచెం పని మిగలాల గదా."