ట్రక్కు కనబడకూడని షాట్

మా బాన్‌విల్ ఉప్పు మైదానంలో ఏటా ఆగస్టులో జరిగే కార్ల వేగం పందేలకు ఇలాంటివాడొకడు తగలడతాడు. ఈసారి వెస్టన్. వేగం కోసం మానవజాతి పడిన తపన మీద డాక్యుమెంటరీ తీస్తున్నాడట. చొక్కా ఇస్త్రీ నలగదు. బూట్లకంటిన ఉప్పును ఆగి ఆగి తుడుచుకుంటాడు. కార్లవైపు చూడడు, మనుషుల ఒంటి రంగులు చూసుకుంటూ తిరుగుతాడు. నల్లజాతి డ్రైవరు డెనీస్ కనబడగానే వాడి మొహం వెలిగిపోయింది. నిన్న మొదటి పరుగులో వచ్చిన వేగం ఈ ఉదయం రెండో పరుగులోనూ వస్తేనే ఆమెకు రికార్డు. ఇక్కడి కార్లు బయల్దేరాలంటే మొదట కాస్త దూరం వెనకనుంచి ట్రక్కుతో నెట్టాలి. నెట్టేది ఆమె తమ్ముడు కర్టిస్.

"ఆ ట్రక్కు తీసేయండి. ఆడమనిషిని మగాడు ముందుకు నెడుతున్నట్టుంది, తప్పుడు సందేశం వెళ్తుంది" అన్నాడు వెస్టన్.

"నెట్టకపోతే క్లచ్ కాలిపోద్ది నాయనా! ఏడాదంతా ఈ పరుగు కోసమే చచ్చాను" అంది డెనీస్.

"పోనీ నేను గౌనేసుకుని నెట్టనా అక్కా?" అని ట్రక్కులోంచి అరిచాడు కర్టిస్.

వెస్టన్ నవ్వలేదు. ట్రక్కు పక్కకు తప్పుకునేదాకా కెమెరా దించే ఉంచాడు. ఎత్తేసరికి కారు చుక్కంతయింది. రికార్డు బద్దలైంది, వాడి కెమెరాలో మాత్రం పడలేదు. మైళ్ల అవతల ఆగిన డెనీస్ హెల్మెట్ తీస్తుంటే, కారులో వెళ్లి దిగి కెమెరా ఎత్తి అడిగాడు: "మేడమ్, కొంచెం ఏడవగలరా?"