ఇస్పేటు రాణిని అడిగేదెవరు?

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోన్లు ఇంకా మా జేబుల్లోకి రాక, సాయంత్రాలు నిజంగానే ఖాళీగా ఉన్న రోజుల్లో, గుడివాడలో ఒక మహాసంగ్రామం జరిగింది. అందులో పరాజయం ఉంది, పరాభవం ఉంది, భీషణమైన మౌనం ఉంది, ఒక్క రాణి కోసం రెండు సేనలు ఊపిరి బిగబట్టి ఎదురెదురుగా కూర్చున్న ఘట్టం కూడా ఉంది. ఆ గాథ చెబితే మీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి అని మొదలుపెడదామనే అనుకున్నాను. కానీ రెండో పేరాకే దొరికిపోతాను కనక ఇప్పుడే ఒప్పేసుకుంటున్నాను. సంగ్రామం జరిగింది రైల్వేస్టేషను వెనక ఒక మేడమీద గదిలో. సేన అంటే ముగ్గురు. రాణి అంటే పేక ముక్క. ఇంత గొడవా దేనికయ్యా అంటే, చేపల పులుసు కోసం. స్నేహితులు నలుగురు కూడినప్పుడు ఏ ఆట ఆడితే బాగుంటుందని ఇప్పటికీ నన్ను ఎవరో ఒకరు అడుగుతుంటారు. నా అనుభవమంతా ఆ పులుసులోంచి వచ్చిందే కనక, ముందు దాని సంగతి చెప్పాలి.

ఆ గదిలో ఐదుగురం ఉండేవాళ్ళం. అందరం డిగ్రీ చదువుతున్నామని ఇళ్ళల్లో అనుకునేవారు. పామర్రు పక్క పల్లెటూరి నుంచి వచ్చినవాడు బియ్యం బావ. వాళ్ళ పొలంలో పండిన బియ్యం బస్తాలకు బస్తాలు బస్సు మీద వేసుకొచ్చేవాడు, అన్నం కూడా వాడే వండేవాడు. పాలకాయతిప్ప దగ్గర్నుంచి వచ్చినవాడు సముద్రం. వాళ్ళ నాన్న వేటకి వెళ్ళేవాడు. వీడు ఇంటికెళ్ళిన ప్రతిసారీ చేపలో, ఎండురొయ్యలో తెచ్చి, మేమెవ్వరం గరిటె ముట్టుకోకుండా కాపలా కాస్తూ పులుసు పెట్టేవాడు. ఏ ఆటకైనా నిబంధనలు కంఠతా వచ్చిన మూడోవాణ్ణి రూల్సు అనేవాళ్ళం. మధ్యాహ్నం దాకా పడుకునే నాలుగోవాడు గుడ్‌మార్నింగ్. ఐదోవాణ్ణి నేను, బందరు నుంచి వచ్చినవాణ్ణి. వంట రాదు, పొలం లేదు, పడవ లేదు. ఆ ఇంటికి నా వాటా కబుర్లే. (అవి కూడా వాళ్ళు అడిగి పెట్టించుకున్నవి కావు.)

పొరుగు మేడ మీద ఉద్యోగస్తుల గదితో ఒక ఆదివారం క్యారమ్స్ పోటీ పడింది. మా తరఫున బావా, సముద్రమూ జంట. గెలుపు చేతిలో ఉంది. బావ కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాడు, రెడ్డు జోలికి పోవద్దని. సముద్రం రెడ్డు కొట్టాడు. అది అందంగా, మెత్తగా, అందరూ ఆహా అనేటట్టు పడింది. దాని వెంట వేయాల్సిన తెల్లకాయ మాత్రం పడలేదు. దానికి బదులు స్ట్రైకరు పడింది. ఓడిపోయాం. బావ తిట్టి ఉంటే సరిపోయేది, సాయంత్రానికి మర్చిపోయేవాళ్ళు. వాడు చేతులకంటిన బోరిక్ పౌడరు దులుపుకుని, చాలా మర్యాదగా, "మంచి పని చేశారండీ," అన్నాడు.

కృష్ణా జిల్లాలో పుట్టినవాళ్ళకి దీని తీవ్రత నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. మా వైపు స్నేహితుడు "ఒరేయ్ దరిద్రుడా" అన్నంతకాలం ఏ ప్రమాదమూ లేదు. "అండీ" అన్నాడంటే సంబంధం తెగిపోయినట్టే. సముద్రం మొహం పాలిపోయింది. "అంతా తమరి దయండీ," అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నుంచి గదిలో గారూ గారూ తప్ప వేరే మాట లేదు. అదైనా సూటిగా కాదు, మా మీదుగా. "ఆయన గారి తువ్వాలు నా మంచం మీద ఉంది, తీసుకోమనండి." "తీసుకుంటారట అని చెప్పండి." అసలు దెబ్బ వంటగదిలో పడింది. బావ అన్నం వండుకుని ఆవకాయతో తినేవాడు. సముద్రం పులుసు పెట్టుకుని బ్రెడ్డుతో తినేవాడు. చేపల పులుసులో బ్రెడ్డు ముంచుకు తినే మనిషిని నేను చూడలేకపోయేవాణ్ణి, వాడూ కళ్ళు మూసుకునే తినేవాడు. మేం ముగ్గురం బావ దగ్గర అన్నం పెట్టించుకుని సముద్రం గిన్నె వైపు ఒక్క అడుగు వేస్తే చాలు, వెనకనుంచి బావ గొంతు వినపడేది: "అటు తినేవాళ్ళు అటే తినచ్చు, నాకేం అభ్యంతరం లేదు." వారం తిరక్కుండా సముద్రం అసలు మాట బయటపెట్టాడు. ఒకటో తారీఖున పామర్రులో వాళ్ళ బాబాయి ఇంటికి మారిపోతాడట, అక్కణ్ణించే బస్సులో కాలేజీకి వస్తాడట.

గుడ్‌మార్నింగ్ దుప్పటిలోంచే బాధపడ్డాడు. రూల్సు, గది వదిలేముందు ఎన్నాళ్ళ ముందు చెప్పాలో ఆలోచించాడు. నేను మాత్రం ఒట్టు పెట్టుకున్నాను. ఆటలో తెగింది ఆటతోనే అతుకుతుంది. ఒకటో తారీఖులోపు వీళ్ళిద్దరి చేతా మాట్లాడిస్తాను, అన్నమూ పులుసూ ఒకే కంచంలో కలిపిస్తాను. (లోకకల్యాణం ముసుగులో ఆకలి తీర్చుకున్నవాళ్ళు నాకు ముందు కూడా చాలామంది ఉన్నారు.)

మొదట చదరంగం తెచ్చాను. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. అద్భుతంగా కుదిరింది. మధ్యాహ్నమంతా ఆడారు, ఎంతో ఏకాగ్రతతో, ఒక్క మాట కూడా లేకుండా. మాట్లాడుకోని మనుషుల కోసమే కనిపెట్టిన ఆటని, మాట్లాడించడానికి తెచ్చిన మహామేధావిని నేను. ఎవరైనా అడిగితే నా సలహా: మీ స్నేహితులు మరీ ఎక్కువ వాగుతుంటే చదరంగం మంచిది.

తరువాత బిజినెస్ ఆట. ఊళ్ళు కొనాలి, అమ్మాలి, బేరాలాడాలి, నోరు విప్పకుండా ఎలా కుదురుతుందిలే అనుకున్నాను. బావ కొన్నాడు. కనపడిన ఊరల్లా కొన్నాడు. అమ్మడు. ఎందుకమ్మవురా అంటే, "మా ఇంట్లో కొనడమే గానీ అమ్మడం లేదు," అన్నాడు. సముద్రం అసలేమీ కొనలేదు. "ఇవాళ ఉంటుంది, రేపు అల వస్తుంది," అని బ్యాంకులోంచి వచ్చిందంతా చేతిలో పట్టుకుని బోర్డు చుట్టూ ప్రశాంతంగా తిరిగాడు. ఒకడు అమ్మడు, ఒకడు కొనడు. ఆ ఆట ముగియలేదు, మేమే ఎత్తేశాం. దీన్ని నేను సిఫారసు చెయ్యాలంటే మీ గుంపులో కనీసం ఒక్కడైనా అప్పులపాలయ్యే రకం ఉండాలి.

బ్లఫ్ ఆడించాను. అది మాత్రం ఇద్దరికీ విపరీతంగా నచ్చింది. ముక్కలు బోర్లా వేసి అబద్ధాలు చెప్పే ఆటలో ఎదుటివాణ్ణి అబద్ధాలకోరు అనే హక్కు ఉంటుంది కదా. "తమరు పచ్చి అబద్ధం చెబుతున్నారని నా మనవి," అని ఒకడు, "తమరి సంస్కారం అంతేనని తెలుసండీ," అని ఇంకొకడు. మాట్లాడుకున్నారు, ఒప్పుకుంటాను. కానీ ఆ మాటలకి పులుసు పుట్టదు.

ఇక మిగిలింది లిటరేచర్. పేరు చూసి కంగారు పడకండి, పుస్తకాలు చదవక్కర్లేదు. పేక ముక్కల్లో ఎనిమిదులు తీసేసి మిగతావి ఆరుగురికి పంచుతారు. ముగ్గురు ముగ్గురు ఒక జట్టు. ఒకే రంగులో చిన్న ముక్కలు ఆరు ఒక సెట్టు, పెద్ద ముక్కలు ఆరు ఇంకో సెట్టు. సెట్టు పూర్తి చెయ్యాలంటే ఎదుటి జట్టులో ఒకణ్ణి పేరుపెట్టి, నీ దగ్గర ఫలానా ముక్క ఉందా అని నోటితో అడగాలి. ఉంటే వాడు ఇచ్చి తీరాలి. లేకపోతే అడిగే వంతు వాడిది. చూశారా అందులో కిటుకు? సొంత జట్టువాణ్ణి అడగడానికి లేదు, శత్రువునే అడగాలి. ఇద్దర్నీ చెరో జట్టులో పడేస్తే చచ్చినట్టు అడుక్కుంటారు. ఇంత తెలివి చదువులో పెట్టి ఉంటే ఈపాటికి ఎక్కడో ఉండేవాణ్ణి.

చిక్కల్లా ఆరోమనిషి. కింది వాటాలో ఉండే ఇంటావిడ, మేం పిన్నిగారు అనేవాళ్ళం, మా క్యారమ్స్ చప్పుడు గురించి చెప్పడానికి పైకొచ్చి, పేక చూసి, "నేనూ కూర్చోనా అబ్బాయ్?" అంది. మనిషి మెత్తన. కానీ ముక్క చేతికొచ్చాక ఆ మెత్తదనం ఏమైపోయిందో తెలీదు. ఆవిడా, సముద్రమూ, రూల్సూ ఒక జట్టు. బావా, నేనూ, గుడ్‌మార్నింగూ ఒక జట్టు. మర్నాడే ఒకటో తారీఖు. సముద్రం పెట్టె కట్టేసి గుమ్మం దగ్గర పెట్టుకుని మరీ ఆటకి కూర్చున్నాడు.

నా లెక్క ఎక్కడ తప్పిందో మొదటి పంచుడులోనే తెలిసింది. సముద్రం బావని తప్ప అందర్నీ అడిగాడు. బావ సముద్రాన్ని తప్ప అందర్నీ అడిగాడు. కావలసిన ముక్క ఎదురుగా కనబడుతున్నా నన్నూ గుడ్‌మార్నింగునూ పీడించి, లేవని చెప్పించుకుని, వంతు పోగొట్టుకునేవాడు సముద్రం. పిన్నిగారు నెత్తి కొట్టుకునేది. అయినా ఆట నడిచింది. గుడ్‌మార్నింగ్ సగం నిద్రలో మా జట్టులో ఏ ముక్క ఎవరి దగ్గరుందో తప్పు చెప్పి ఒక సెట్టు ఎవరికీ కాకుండా చేశాడు. చెరి మూడు వచ్చాయి. ఆఖరిది ఇస్పేటు పెద్ద సెట్టు. మా నలుగురి చేతులూ ఖాళీ. సముద్రం చేతిలో ఐదు ముక్కలు. బావ చేతిలో ఒక్కటి. అది రాణి అని చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. వంతు సముద్రానిది. నోరు తెరిచి రాణి ఇమ్మంటే చాలు, గెలుపు వాళ్ళది.

సముద్రం నోరు తెరవలేదు.

బావ రాణిని ఛాతీకి ఆనించుకుని పైకప్పు చూస్తున్నాడు. అడక్కపోతే వాడికి పోయేదేం లేదు. ఫ్యాను కిర్రుమంటోంది. స్టేషనులో ఏదో ప్యాసింజరు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. "అడుగు," అన్నాడు రూల్సు. సముద్రం నా వైపు తిరిగి, "ఆయన గారి దగ్గర రాణి ఉందేమో కనుక్కోండి," అన్నాడు.

"మధ్యవర్తిత్వం కుదరదు," అన్నాడు రూల్సు. తన జట్టే ఓడిపోతున్నా సరే, వాడు అంతే. "పేరు పెట్టి, నోటితో, సూటిగా అడగాలి."

"అడగవయ్యా! నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అంది పిన్నిగారు.

"అడగనండి."

"నా సీరియల్ టైమవుతోంది!"

"వెళ్ళి చూసుకోండి పిన్నిగారూ. నేను మాత్రం అడగను."

ఇంత పకడ్బందీగా వాళ్ళని ఒక మూలకి తోసి, చివరికి నేనే ఆ మూలలో ఇరుక్కున్నాను. గుమ్మం దగ్గర పెట్టె కనబడుతోంది. పిన్నిగారు గడియారం చూసింది, సముద్రాన్ని చూసింది, ఇక ఓపిక లేక చటుక్కున ముందుకి వంగి, బావ చేతిలోంచి రాణిని లాగేసి, సముద్రం ముక్కల మీద పడేసి, "ఇదిగో, అయిపోయింది, గెలిచాం," అంది.

"అదెలా కుదురుతుందండీ!" అని అరిచారు ఇద్దరూ. ఒకేసారి.

"ముక్క కావాలంటే అడగాలి గానీ లాక్కుంటారా?" అని బావ. "గెలిపించడానికి మీరెవరండీ, వంతు నాదైతే?" అని సముద్రం. "ఒరేయ్, నువ్వు చెప్పరా ఆవిడకి, ఇలా ఎక్కడైనా ఉందా?" అని బావ. "నేనేం చెప్పేదిరా, నీ చేతిలోంచేగా లాక్కుంది! గట్టిగా పట్టుకోవద్దూ?" అని సముద్రం. "ఆడవాళ్ళ చేతిలోంచి ఎలా గుంజుకోనురా వెధవా?" అని బావ. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, ఆవిడకి న్యాయం, ధర్మం, ఆటలో మర్యాద ఎలా ఉండాలో వంతులవారీగా బోధించారు. "మీ ఆట తగలెయ్య, గెలిచింది నేనే," అని పిన్నిగారు మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ తరువాత వీధంతా అలాగే చెప్పుకుంది కూడా.

ఆవిడ వెళ్ళాక గానీ తమ నోటినుంచి ఏం వచ్చిందో ఇద్దరికీ తెలియలేదు. బావ కింద పడ్డ రాణిని తీసి పేకలో పెట్టాడు. సముద్రం కిటికీలోంచి బయటికి చూశాడు. ఎవరి వైపూ చూడకుండానే, "అన్నం ఎక్కించావా?" అన్నాడు. "లేదు." "ఎక్కించు మరి. చేపలున్నాయి, రేపటికి ఉండవు." ఆ రాత్రి కంచంలో అన్నమూ పులుసూ కలిశాయి. నేను ఎంత తిన్నానో చెప్పను, ఈ వయసులో ఎవరూ నమ్మరు. పొద్దున లేచి చూస్తే పెట్టె గుమ్మం దగ్గరే ఉంది, కానీ తాడు విప్పి ఉంది. సముద్రం చదువు అయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నాడు.

ఆ విజయం మీద నేను చాలా ఏళ్ళు బతికాను. స్నేహితుల గుంపుకి మంచి ఆటేదని ఎవరడిగినా లిటరేచర్ అని తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ఆరోమనిషిగా రూల్సు లెక్కచెయ్యని పెద్దావిడని ఒకర్ని చూసుకోమని కూడా కలిపేవాణ్ణి. మనుషుల్ని కలపడంలో నాకేదో విద్య ఉందని, ఆ ఇరవయ్యేళ్ళ కుర్రాడు కడుపు మాడి చేసినా చేసింది మంచిపనేనని, తలుచుకున్నప్పుడల్లా వాడి మీద కాస్త గర్వం, కాస్త జాలి కలిగేవి. ఎంత నమ్మకం వాడికి, ఒక పేక కట్టతో ప్రపంచాన్ని బాగుచెయ్యగలనని. ఆమధ్య అవనిగడ్డలో సముద్రం ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు ఈ కథంతా వాళ్ళావిడకి కళ్ళకి కట్టినట్టు చెప్పాను. మీ ఆయన గది వదలకుండా ఆపింది నా ఆటేనండీ అని ముగించాను. సముద్రం నా కంచంలో ఇంకో చేపముక్క వేశాడు.

"ఆట కాదురా. పెట్టె కట్టింది ఉత్త బింకానికి. ఆటకి ముందురోజే బాబాయి రావద్దని కబురు పంపాడు, వాళ్ళింట్లో మోటారు కాలిపోయింది, నీళ్ళు రావట్లేదని."