నేను కొట్టేసిన రీడింగులు

పదకొండేళ్ళపాటు మా బడిలో పదో తరగతి భౌతికశాస్త్రం రికార్డులన్నీ ఒకే రికార్డును చూసి రాసినవి. ఆ రికార్డు నా దగ్గరే ఉండేది. ఎప్పుడో ఒక మంచి విద్యార్థి రాసిచ్చిన దానికి ఖాకీ అట్ట వేసి, స్టాఫ్ రూంలో దాచుకున్నాను. డిసెంబరు రాగానే క్లాసు లీడరు వచ్చి తీసుకెళ్ళేవాడు. వారం తిరిగేసరికి నలభై రికార్డులు నా బల్ల మీద ఉండేవి. ఓం నియమం ప్రయోగంలో నలభై మందికీ అవే ఐదు రీడింగులు, దశాంశాలతో సహా. నేను సంతకాలు పెట్టేవాణ్ణి.

ప్రయోగశాల లేక కాదు. గది ఉంది, అమ్మీటర్లూ వోల్టుమీటర్లూ నిక్రోమ్ తీగ చుట్టా ఉన్నాయి. తాళంచెవి నా జేబులో ఉండేది. ఒక మీటరు పగిలితే ఎందుకు పగిలిందో స్టాకు రిజిస్టరులో రాయాలి. బదిలీ అయ్యేనాడు ఒక్కొక్కటీ చూపించి అప్పజెప్పాలి. నాకంటే ముందున్న సారు ఆ అప్పగింతలో నాలుగు రోజులు నలిగిపోవడం చూశాను. ఆ భయంతో మొదలైంది. తర్వాత భయం పోయింది, అలవాటు మిగిలింది. జరిగినదానికి రిజిస్టరునో పై అధికారులనో ముందుకు నెట్టి నేను వెనక నిలబడదలచుకోలేదు.

పోయిన సంవత్సరం ఒకమ్మాయి రికార్డు వేరుగా వచ్చింది. తిరుచానూరు నుంచి ఆటోలో వచ్చే పిల్ల. వాళ్ళ నాయన ఉత్సవాలకూ పెళ్ళిళ్ళకూ సీరియల్ లైట్లు కడతాడు. ఇంట్లో మల్టీమీటరు ఉంది. నిక్రోమ్ తీగ దొరక్క, ఆ పిల్ల ఒక చిన్న బల్బు తీసుకుని, ఒక సెల్లుతో మొదలుపెట్టి నాలుగు దాకా పెంచుతూ తానే కొలిచి రాసింది. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే ప్రతిసారీ ఒకే విలువ రావాలని పుస్తకంలో ఉంటుంది. ఆమె పట్టికలో ఆ విలువ పెరుగుతూ పోయింది. కింద సొంతంగా ఒక వాక్యం రాసింది: బల్బు వేడెక్కడం వల్ల ఇలా వస్తోందని అనుకుంటున్నాను.

నేను ఆ పట్టికను ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి, మళ్ళీ రాసుకురమ్మన్నాను. మరుసటి రోజు అదే పేజీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"నేను కొలిసినాను సార్. తప్పనిపిస్తే మీరొకసారి కొలిసి సూడండి."

క్లాసంతా వింటోంది. "లైట్లు కట్టేవాళ్ళ దగ్గర నేను ఫిజిక్సు నేర్చుకోవాల్నా?" అన్నాను. పిల్లలు నవ్వారు. ఆమె ఏడవలేదు. రికార్డు తీసుకుని వెనక బెంచీకి వెళ్ళి కూర్చుంది. ఆ తర్వాత నా క్లాసులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆమె రీడింగులు సరైనవని నాకు ఆ రోజే తెలుసు. ఫిలమెంటు వేడెక్కితే నిరోధం పెరుగుతుందని నేను డిగ్రీలో చదువుకున్నవాణ్ణి. కానీ ఆ ఒక్క పట్టిక నిజమని ఒప్పుకుంటే మిగతా ముప్ఫైతొమ్మిదీ ఏమిటో చెప్పాలి. పదకొండేళ్ళ నా సంతకాలు ఏమిటో చెప్పాలి. తెలియక చేసిన తప్పైతే ఇంత రాయాల్సిన పని లేదు.

మా బడిలోనే ఆడపిల్లలకు ఇంటర్ కూడా ఉంది. జూన్‌లో దరఖాస్తులు ఇచ్చే ముందు ఇక్కడొక పద్ధతి. పదో తరగతి పాసైన ఆడపిల్లల జాబితా స్టాఫ్ రూంకి వస్తుంది. ప్రతి పేరు పక్కన మేము పెన్సిలుతో గ్రూపు రాస్తాం. లెక్కల్లో 'నిలబడేవాళ్ళు' ఎంపీసీ, ఓపికగా బొమ్మలు గీసేవాళ్ళు బైపీసీ, మిగిలినవాళ్ళు సీఈసీ. తల్లిదండ్రులు వచ్చి మేము రాసినదాని మీద సంతకం పెట్టి వెళ్తారు. పిల్లలను ఎవరూ అడగరు. ఎంపీసీలో తక్కువమందీ గట్టివాళ్ళూ ఉంటే ఫలితాల శాతం బాగుంటుందని హెడ్మాస్టరు లెక్క. ఆ పిల్లకు లెక్కల్లో మధ్యరకం మార్కులు. భౌతికశాస్త్రంలో నావల్ల అంతకంటే తక్కువ. ఆమె పేరు పక్కన సీఈసీ అని రాసింది నేనే.

వాళ్ళ నాయన పని మధ్యలో వచ్చాడు, చొక్కా జేబులో టెస్టరు ఉంది. పాపకు సైన్సు బరువవుతుందని చెప్పాను. సారు చెప్తే సరేనని పెన్ను తీసుకున్నాడు. పక్కన నిలబడిన ఆ పిల్ల తండ్రి చేతికింద నుంచి కాగితం లాగేసుకుంది.

"సీఈసీ ఐతే నేను రాను నాయనా. నీతోపాటు లైట్లు కట్టేదానికి వస్తా. ఆ పనిలోనైనా నేను కొలిసింది కొలిసినట్లే ఉంటాది."

ఉత్త బెదిరింపు కాదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. బయట కాలేజీకి పంపే స్తోమత వాళ్ళకు లేదు. మా బడిలో ఎంపీసీ రాకపోతే ఆ పిల్ల చదువు అక్కడితో సరి.

తండ్రి నా వైపు తిరిగాడు. ఆ గొంతులో కోపం లేదు. "సార్, సల్లగా ఉండే బల్బుకు మీటరు పెడితే ఒక లెక్క వస్తాది, ఎలిగేటప్పుడు ఇంకో లెక్క. పనిలో మాకు తెలిసిందే గదా. పాప దాన్నే రాసిందంట. దాంట్లో తప్పేముండాది?"

రెండు రోజులు ఆగమని పంపించేసి, హెడ్మాస్టరు గదికి వెళ్ళాను. ఆమె పేరు పక్కన ఎంపీసీ అని మార్చమన్నాను. జాబితా ఖాయం చేసేశాక ఇదేం గోల అన్నాడాయన. రికార్డుల సంగతంతా చెప్పాను. ఆయనకు తెలియనిది కాదు. నేను నోరు విప్పి చెప్పడమే ఆయనకు కొత్త. కావాలంటే రాసిస్తానని కూడా అన్నాను.

"నువ్వు రాసిచ్చేది మెమోకు పనికొస్తాదప్పా. ఆలోచించుకో."

"రానీ సార్."

"ఆ పాప ఫెయిలైతే?"

"ఫెయిలైతే మళ్ళీ రాస్తాది. సీటే ఇయ్యకుంటే ఏం రాస్తాది?"

అక్కడే నిలబడి రాసిచ్చాను. ఆ పిల్ల రీడింగులు సరైనవని తెలిసీ కొట్టేశానని, గ్రూపు నిర్ణయంలో నా అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోవద్దని. ఆయన కాగితం చదివి, మడిచి, జాబితాలో పెన్సిలు రాత చెరిపేసి ఎంపీసీ అని రాశాడు.

మరుసటి రోజు తిరుచానూరు వెళ్ళాను. తండ్రీ కూతురూ వరండాలో సీరియల్ సెట్లు పరిచి, మాడిన బల్బులు ఏరుతున్నారు. ఎంపీసీ సీటు ఉందని చెప్పాను. నీ రీడింగులు నిజమని ఆ రోజే నాకు తెలుసమ్మా అని కూడా చెప్పాను. అంత మాటెందుకు సార్ అని తండ్రి మొహమాటపడ్డాడు. ఆ పిల్ల మొహమాటపడలేదు.

"ఆ పొద్దు అందరి ముందరా అన్నారు గదా సార్. ఇప్పుడు మా ఇంట్లో సెప్తే ఎట్ల?"

బడి తెరిచిన మొదటి రోజు ప్రార్థన అయ్యాక, వరసల్లో నిలబడిన పిల్లలందరి ముందూ చెప్పాను. ఆ అమ్మాయి కొలిచింది నిజం, నేను మీ చేత రాయించింది అబద్ధం అని. వెనక ఇద్దరు ఉపాధ్యాయులు ముసిముసిగా నవ్వారు. వరసల్లో ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నానికి ఆమె ఎంపీసీ ఫారం మీద తానే సంతకం పెట్టి, తండ్రి సంతకంతో తెచ్చి, నాకు కాదు, నేరుగా హెడ్మాస్టరుకు ఇచ్చింది. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అడగను. క్షమించమనడం కూడా ఆమె మీద ఇంకో బరువు పెట్టడమే.

ఆగస్టులో నాకు మెమో వచ్చింది. దాచడానికి ఏమీ లేదు కాబట్టి జవాబు అరపేజీలో ముగిసింది. ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఆపనీ.

మొన్న త్రైమాసిక పరీక్షల్లో ఆ పిల్లకు భౌతికంలో మంచి మార్కులే వచ్చాయి. లెక్కల్లో మాత్రం తప్పింది. హెడ్మాస్టరు మార్కుల పట్టిక పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చాడు. నేను ముందే చెప్పినానా లేదా అన్నాడు. ఇప్పటికైనా సీఈసీలోకి మార్చేద్దాం, నువ్వు ఒక మాట చెప్తే వాళ్ళ నాయన వింటాడు అన్నాడు.

చెప్పనన్నాను. సాయంత్రాలు తనకు లెక్కలు చెప్పమని ఆ పిల్ల లెక్కల మేడమ్‌ను అప్పటికే అడిగిందని, మేడమ్ ఒప్పుకుందని నాకు తెలుసు. అది ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. తప్పినా ఆ సీటు ఆమెదే.