దవాఖానలో మిగిలిపోయిన ఆమె

మా అపార్ట్‌మెంటు మెట్లు కడిగిన రోజు ఫినాయిలు వాసన తలుపు కింది సందులోంచి ఇంట్లోకి వస్తుంది. ఇరుగుపొరుగువాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం హన్మకొండలో మిషన్ దవాఖాన ఆవరణలోని మా రెండు గదుల క్వార్టరు, పెంకుల మీద జూలై వాన చప్పుడు, సాయంత్రం డ్యూటీ దిగి వచ్చే నాయనమ్మ నీలం అంచు తెల్లచీర గుర్తుకొస్తాయి. నాయనమ్మ ఆడవాళ్ల వార్డులో ఆయా. ముప్పై ఏళ్ల పనిలో ఏ ఒక్క రోజూ వార్డులోని మంచాలన్నీ ఒకసారి చూసుకోకుండా ఇంటికి రాలేదు. ఒకసారి గాలివానకు వార్డు పెంకులు లేచిపోతే రోగులందరినీ వరండాలోకి మోసి, పరదా వెనక మంచంలో ఒక ముసలమ్మ ఉండిపోయిందని గుర్తొచ్చి, వద్దన్నా వినకుండా మళ్లీ లోపలికి పోయి ఆమెను ఎత్తుకొచ్చిందట.

నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు, 1976లో, ఒక విమానాన్ని హైజాక్ చేసి ఉగాండాలోని ఎంటెబ్బెకు తీసుకుపోయారు. వారం రోజులు మా ఆవరణలో అదే మాట. అల్లనేరేడు పళ్లు తిని నాలుకలు ఊదారంగుకు తిరిగిన పిల్లలం, కాల్చిన మక్కకంకులు ఒలుచుకుంటున్న పెద్దలు, అందరం రేడియో చుట్టూ చేరేవాళ్లం. ఆదివారం చర్చి నుంచి వచ్చి మటన్ కూర, అన్నం తిని లేచాక తెలిసింది, బందీల దేశపు సైనికులు వేల కిలోమీటర్లు విమానాల్లో పోయి, గంట లోపలే వందమందికి పైగా బందీలను విడిపించి తెచ్చుకున్నారని. అన్న ప్రకాశ్ అరుగు మీంచి ఎగిరి దూకాడు. ఎన్నడూ నవ్వని నాన్న కూడా నవ్వాడు.

రెండు రోజులకు నాన్న పేపరు పైకి చదివాడు. చివర చిన్న వార్త: బందీల్లో ఒక ముసలావిడ, గొంతులో తిండి అడ్డుపడి ఆ దేశ రాజధానిలోని దవాఖానలో ఉండిపోయింది, ఆమె ఏమైందో తెలియదు.

బియ్యం ఏరుతున్న నాయనమ్మ చేతులు ఆగిపోయాయి. "గామె సంగతేంది కొడుకా?"

"తెల్వదమ్మా. పేపర్ల అంతే ఉన్నది."

"పేషెంటును వార్డుల ఇడిసిపెట్టి ఎవలన్న డ్యూటీ దిగుతరా?"

నాన్న పేజీ తిప్పాడు.

ఆ నెలంతా మాకు ఒకటే ఆట. నాన్న సైకిలుకు నల్లగొడుగు కడితే అది కాపలావాళ్లను ఏమార్చడానికి సైనికులు వాడిన నల్లకారు, మా వరండా విమానాశ్రయం, ప్రకాశన్న కమాండరు. కమాండరు కావాలని నేను ఎన్నిసార్లు అడిగినా నాకు బందీ వేషమే. ఒకరోజు ఏడ్చి గోల చేస్తే అన్న విసుక్కుని, "అయితె నువ్వు ముసలామెవు. పోయి దవాఖానల పండుకో" అన్నాడు. ఆవరణ చివర చాకలి బట్టలుతికే గది ఉండేది. అక్కడ తడి దుప్పట్ల మధ్య బల్ల మీద పడుకున్నాను. వరండా వైపు కేకలు, తూటాల చప్పుళ్లు, సైకిలు గంట, ఆ తర్వాత చప్పట్లు. నా కోసం వస్తారని చూశాను. వాన మొదలైంది. ఎవరూ రాలేదు. పిలిస్తే తప్ప లేవకూడదని పంతం పట్టాను. కోపంతో పళ్లు కొరుకుతూ ఆ బల్ల మీదే ఉండిపోయాను.

నాయనమ్మే వచ్చింది. చెయ్యి పట్టుకుని తడుస్తూ ఇంటికి తీసుకొచ్చింది. లోపల పిల్లలంతా వేడివేడి మక్కగారెలు తింటున్నారు.

"ఒకామె తక్కువున్నది గదరా, ఎట్ల తింటాన్రు?"

"ఆట అట్లనే నాయనమ్మా. పేపర్ల గట్లనే ఉన్నది" అన్నాడు అన్న.

"మల్ల ఆడుండ్రి. ఈసారి ఆమెను తీస్కరాండ్రి."

అన్న తినడం ఆపి ఆలోచించాడు. "దవాఖాన ఊర్ల ఉన్నది, విమానం ఈడున్నది. ఆమె కోసం పోతె అందరు సచ్చిపోతరు."

పన్నెండేళ్ల పిల్లవాడి మాట. అందులో తప్పు లేదు. నాయనమ్మ గారెల గిన్నె నా ముందు దించి వంటింట్లోకి పోయింది. ఆ ఆట మేము మళ్లీ ఆడలేదు.

నాయనమ్మ మాత్రం వదల్లేదు. ప్రతి ఆదివారం చర్చిలో ఎవరి కోసం ప్రార్థించాలో చెప్పమన్నప్పుడు "దవాఖానల ఉన్నామె" అని చెప్పేది. కొన్నాళ్లకు పాస్టరయ్య "ఇంకా ఆమేనా అమ్మా?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఆ తర్వాత నాయనమ్మ బయటికి చెప్పకుండా పెదాలతోనే అనుకునేది.

మూడేళ్లకు, ఆ దేశాన్ని ఏలినవాడు యుద్ధంలో ఓడి పారిపోయాక, ఆ ముసలావిడ ఎముకలు దొరికాయని, సైనికులు వచ్చి పోయిన మర్నాడే అతని మనుషులు ఆమెను దవాఖానలోంచి ఈడ్చుకుపోయి చంపారని పేపర్లో వచ్చింది. నాయనమ్మ కళ్లకు అప్పటికే శుక్లాలు. నాన్నతో ఆమె పేరు నాలుగుసార్లు చెప్పించుకుంది. నోరు తిరగలేదు.

"మూడేండ్లు బతికున్నదనుకోని ప్రార్థన చేసిన" అంది. ఆ కోపం ఎవరి మీదో నాకిప్పటికీ తెలియదు. చంపినవాళ్ల మీదా, వదిలి వచ్చినవాళ్ల మీదా, దేవుడి మీదా? 1980ల్లో తను పోయే దాకా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ దవాఖాన లేదు. ఆడవాళ్ల వార్డు ఉన్నచోట బట్టల షోరూము, చాకలి గది ఉన్నచోట స్కూటర్ల పార్కింగు. వెళ్లేముందు మంచాలన్నీ చూసుకునే మనుషులూ లేరు. ఎంటెబ్బె సాహసం మాత్రం చెక్కు చెదరలేదు. ఎవరు ఎక్కడ ధైర్యం గురించి మాట్లాడినా అదే ఉదాహరణ.

పోయిన నెల నేను పనిచేసే బడిలో టీచర్లకు శిక్షణ పెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చినాయన నాయకత్వం గురించి చెబుతూ, తెర మీద బాణాలు, మ్యాపులు వేసి, ఆ రాత్రి ఎంత పకడ్బందీగా జరిగిందో గంటసేపు వివరించాడు. ప్రశ్నలున్నాయా అంటే లేచాను. దవాఖానలో ఉన్న ముసలావిడ గురించి అడిగాను.

ఆయన గడియారం చూసుకున్నాడు. "అది మన టాపిక్‌లోకి రాదు మేడమ్. రిజల్ట్ చూడండి, వందమందికి పైగా" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. కనీసం ఆమె పేరైనా చెబుదామని ముందుకు నడిచాను. నేను చేరేసరికి మైకు వైరు చుట్టేస్తున్నారు.