ఊగని జెల్లీ

రుమానా ఆపాని ఇంటికి పిలిస్తే ఇద్దరు వస్తారు. ఒకరు ఆపా, రెండోది ఆవిడ జెల్లీ. పుట్టినరోజుకి ఎర్రది, గృహప్రవేశానికి పచ్చది, ఎవరికైనా ఉద్యోగ వీసా బ్లూ కార్డు వస్తే నీలంది. పక్కింటి విశ్వతేజ కాలు విరిగి పడుకుంటే తెల్లది తెచ్చింది, కట్టుకి మ్యాచింగట.

ఆ జెల్లీకి కోట బురుజులాంటి రాగి అచ్చు ఒకటుంది. జర్మనీలో ఈ ఎష్‌బోర్న్‌కి వచ్చిన కొత్తలో ఫ్లోమార్క్ట్ అనే పాత సామాన్ల సంతలో దొరికింది, ఓ రంగుల కాగితంతో సహా. కాగితం మీద యాభై ఏళ్ళ కిందటి జర్మన్ ఇల్లాలు పళ్ళెం పట్టుకుని నవ్వుతుంటుంది. పళ్ళెంలో జెల్లీ ఊగుతోందని తెలియడానికి చుట్టూ గీతలు కూడా గీశారు. తన జెల్లీని అలా ఊగించాలన్నదే ఆపా జీవితాశయం.

ఎవరింటికెళ్ళినా అచ్చు బోర్లించి, అరచేత్తో బల్లని ఫెడీమని చరుస్తుంది.

"ఊగుతున్నదా?"

గ్లాసులు ఊగుతాయి, సమోసాలు ఊగుతాయి. జెల్లీ మాత్రం ఠాణా గోడలా నిలబడి ఉంటుంది.

"మస్తు ఊగుతోంది ఆపా!" అంటారు అందరూ ఒక్క గొంతుతో.

పై ఫ్లాట్‌లో ఉండే గుంటూరు శాంత కూడా అలాగే అంటుంది. ఆపాది, ఆమెది ఒకటే ఆఫీసు. శాంతది గుడ్డు కూడా ముట్టని ఇల్లు. జెల్లీ అంటే జంతువుల ఎముకల జెలటినేగా, టర్కీ కొట్లో హలాల్‌ది కొంటుంది కాబోలు అనుకుంది. అడిగితే ఆపా నొచ్చుకుంటుంది. అందుకని ప్రతిసారీ ఓ ముక్క వేయించుకోవడం, టిష్యూ కప్పడం, ఎవరూ చూడకుండా చెత్తబుట్టలో పడేయడం. ఇలా నాలుగేళ్ళు.

మొన్న శనివారం శాంత కూతురు రిషిత ఐదో పుట్టినరోజు. ఆమె వెళ్ళే కీటా, అంటే పసిపిల్లల బడి, పిల్లలంతా వచ్చారు. ఎగ్‌లెస్ అని పదిసార్లు చెప్పి తెప్పించిన అద్దంలా మెరిసే కేకు బల్ల మధ్యలో ఉంది. ఫొటోల్లో పడుతుందని శాంత, ఆపా తెచ్చిన జెల్లీని తీసుకెళ్ళి వంటింట్లో వాషింగ్ మెషిన్ మీద పెట్టేసింది. ఈలోపు పిల్లలు జ్యూస్ ఒలకబోస్తే, బల్లమీది గుడ్డ తీసి అదే మెషిన్‌లో పడేసి, మీట నొక్కి వచ్చింది.

కొవ్వొత్తులు ఆర్పడం అయింది. రిషిత కత్తి ఎత్తింది.

"ఆగు బేటా!" అని అరిచింది ఆపా. ఆఫీసులో తప్పులు పట్టడమే ఆవిడ ఉద్యోగం, కేకు అట్టపెట్టెని కూడా వదల్లేదు. "శాంతా, పైన మెరుస్తున్నది జెలటిన్. పందిదని రాసే ఉన్నది."

శాంత పెట్టె లాక్కుని చూసింది. గుడ్డు గురించి అడిగింది గానీ మెరుపు గురించి అడగలేదు. "కూఖెన్ లేదా మామా?" అంటూ రిషిత కేకు కోసం తల్లి వైపు చూసి పెదవి వణికించింది.

"జెల్లీ ఉన్నది గద! ఏడ పెట్టినవ్?"

"ఆపా..." శాంతకి ఇక దాచే ఓపిక లేకపోయింది. "ఏమీ అనుకోకండి. మేం అదీ తినం. అందులోనూ ఎముకలేగా?"

ఆపా నోరు తెరిచింది. "ఎముకలా? అరే పాగల్, అది చైనా గ్రాస్! సముద్రంల నాచు. ఆఫీసు క్రిస్మస్ పార్టీల మనిద్దరమే ఖాళీ ప్లేట్లు పట్టుకొని కూసున్నం, యాద్ లేదా? ఇద్దరం తినేటిది ఒక్కటన్న బల్ల మీద ఉండాలె అనుకున్న. జెలటిన్ వేస్తే ఊగుతదని నాకు తెల్వదా? నీకోసమే వెయ్యలే!"

నాలుగేళ్ళ ముక్కలన్నీ చెత్తబుట్టలోంచి లేచి వచ్చి శాంత ముందు నిలబడ్డాయి. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఆపా మాత్రం అప్పటికే వంటింట్లోకి నడిచింది. అక్కణ్ణుంచి కేక వినబడింది.

"యా అల్లా! శాంతా, జల్ది రా!"

మెషిన్ గుడ్డని పిండుతోంది. దాని మీద ఎర్ర జెల్లీ అచ్చం కాగితంలోలా, గీతలతో సహా, నడుం తిప్పుతూ ఊగుతోంది.

"ఇంత ఉపాయం పెట్టుకొని నాకెందుకు చెప్పలే?" అంది ఆపా, కళ్ళనిండా నీళ్ళతో.

రిషిత కొవ్వొత్తుల్ని మళ్ళీ గుచ్చారు, ఆ జెల్లీ మీదే. పిల్లలంతా మెషిన్ చుట్టూ మూగి తిన్నారు. శాంత మొదటిసారిగా ఓ చెంచా నోట్లో పెట్టుకుంది.

"ఎట్లున్నది?"

"గులాబీ ఎసెన్సు కాస్త ఎక్కువైంది ఆపా."

నాలుగేళ్ళలో శాంత ఆ జెల్లీ గురించి చెప్పిన మొదటి నిజం అది. ఆపా మురిసిపోయి ఇంకో పెద్ద ముక్క కోసి ఆమె ప్లేట్లో వేసింది.